కణ విభజన పాఠం: బొమ్మ గీయించే ముందు లెక్క పెట్టించండి

బెంగళూరులో ఏ బడిలోనైనా పదో తరగతి పిల్లవాణ్ణి లేపి మైటాసిస్ (ఒక కణం అచ్చం తనలాంటి రెండు కణాలయ్యే విభజన) దశలు అడగండి. ప్రోఫేజ్, మెటాఫేజ్, అనాఫేజ్, టీలోఫేజ్ అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తాడు. బొమ్మ వేయమంటే వేసి, రంగులు కూడా దిద్దుతాడు. అదే పిల్లవాణ్ణి "ఉల్లి వేరు కణం అనాఫేజ్‌లో ఉన్నప్పుడు అందులో క్రోమోజోములు, అంటే డీఎన్‌ఏను మోసే పోగులు, ఎన్ని?" అని అడిగి చూడండి. దిక్కులు చూస్తాడు.

ఈ పాఠంలో అసలు విషయమంతా ఆ లెక్కే. ఎన్ని ఉన్నాయి, ఎన్ని అయ్యాయి, ఎటు ఎన్ని పోయాయి అన్నది చేతికి పట్టుబడితే దశల పేర్లు వారం ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు. మారతహళ్లి, కె.ఆర్.పురం, బొమ్మనహళ్లి వైపు బడుల్లో కొత్తగా బయాలజీ చెప్పడం మొదలుపెట్టిన తెలుగు టీచర్లను, సాయంత్రాలు ఇంట్లో ట్యూషన్ చెప్పేవాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఇంట్లో తెలుగు, ఆటోలో కన్నడ, పుస్తకంలో ఇంగ్లీషు అయిన పిల్లలకు ఒక వస్తువు చేతికిచ్చి చెబితే మూడు భాషల్లోనూ ఒకేసారి అర్థమవుతుంది.

మొదట: రెండు పాఠాలకూ ఒకే ప్రశ్న

కణ విభజన ఒక పాఠం, ప్రత్యుత్పత్తి ఇంకో పాఠం. చాలా చోట్ల మధ్యలో ఏడాది ఎడం కూడా ఉంటుంది. అందుకే పిల్లలకు రెండింటికీ సంబంధం తెలీదు. మీరు మాత్రం రెండింటినీ ఒకే ప్రశ్నతో మొదలుపెట్టండి.

బోర్డు మీద 46 అని రాయండి. మనిషి శరీర కణంలో ఉండే క్రోమోజోముల సంఖ్య ఇది. అమ్మ కణం ఒకటి, నాన్న కణం ఒకటి ఉన్నవి ఉన్నట్టు కలిస్తే బిడ్డకు ఎన్ని? 92. ఆ బిడ్డకు పుట్టే బిడ్డకు? 184. ఇంకో తరానికి 368. ఇక్కడ ఆగి, "మరి మీకూ 46 ఎందుకున్నాయి, మీ తాతకూ 46 ఎందుకున్నాయి?" అని అడగండి. రెండు నిమిషాలు మీరేం మాట్లాడకండి. వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు "కలిసేముందు సగం చేసుకుంటాయేమో మ్యామ్" అంటారు. అన్నవాళ్లకు బోర్డు దగ్గర చోటివ్వండి.

నిజానికి వైస్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1887లో ఇదే దారిలో ఆలోచించాడు. తరతరానికీ రెట్టింపు కాకుండా ఉండాలంటే బీజకణాలు (అండం, వీర్యకణం) తయారయ్యేటప్పుడు ఎక్కడో సగం కావాల్సిందేనని ముందుగానే చెప్పాడు. సూక్ష్మదర్శినిలో పూర్తి వివరం తర్వాత తేలింది. మీ క్లాసులో పిల్లవాడు చేసిందీ అదే పని అని చెబితే వాడి ముఖం చూడాలి.

46 కూడా అంత తేలిగ్గా తేలిన అంకె కాదని చెప్పండి. 1920లలో పెయింటర్ అనే ఆయన 48 అని లెక్కపెట్టాడు. ఆ లెక్కే పుస్తకాల్లో పాతుకుపోయింది. 1956లో స్వీడన్‌లో జో హిన్ త్జియో, ఆల్బర్ట్ లెవాన్ కణాలను బాగా పరిచి చూసి 46 అని తేల్చేదాకా ఎవరూ దిద్దలేదు. అక్కడిదాకా వచ్చాక ఇంకొన్ని అంకెలు రాయండి: ఉల్లి 16, బఠానీ 14, మొక్కజొన్న 20, వరి 24, బంగాళాదుంప 48, కుక్క 78. కుక్కకు మనకంటే ఎక్కువా అని గోల చేస్తారు. సంఖ్యకూ తెలివికీ పొంతన లేదని ఒక్క మాట చెప్పి ముందుకు పోండి, అక్కడే కూర్చుంటే గంట కొట్టేస్తారు.

అలైంగిక ప్రత్యుత్పత్తికి ఎక్కువ సమయం అక్కర్లేదు

రణపాల ఆకు ఒకటి తెచ్చి తడి మట్టి మీద పరిచి కిటికీ దగ్గర పెట్టండి. ఒకట్రెండు వారాల్లో ఆకు అంచు నొక్కుల్లోంచి పిల్ల మొక్కలు లేస్తాయి. బెంగళూరు బాల్కనీల్లో ఈ మొక్కకు కొరత లేదు. తల్లి మొక్కకూ ఈ పిల్ల మొక్కకూ క్రోమోజోముల సంఖ్య మారిందా అని అడగండి. మారలేదు, ఎందుకంటే ఇక్కడ జరిగింది మైటాసిసే. ఇంత చాలు.

ఈస్ట్ మొగ్గలు తొడగడం చూపించాలంటే అయ్యంగార్ బేకరీలోనో, సూపర్ మార్కెట్లోనో డ్రై ఈస్ట్ తీసుకోండి. గోరువెచ్చని నీళ్లలో చెంచా చక్కెర, చిటికెడు ఈస్ట్ కలిపి గంటో రెండు గంటలో ఉంచి ఒక చుక్క స్లైడ్ మీద వేస్తే సరిపోతుంది. 40ఎక్స్ లెన్సు పెట్టాలి. డిసెంబరు, జనవరి చలిలో ఇంకాస్త ఎక్కువసేపు పడుతుంది. ఇడ్లీ పిండి పొంగింది కాబట్టి అందులో ఈస్ట్ చూపించొచ్చు అనుకునేవాళ్లున్నారు. ఆ పిండిని పొంగించేవి ప్రధానంగా ల్యూకోనాస్టాక్ అనే లాక్టిక్ బ్యాక్టీరియా. పిండి చుక్క కింద మొగ్గల కోసం వెతికితే పిల్లల ఓపిక పోతుంది.

టిచ్ బటన్లు, ఊలు దారం

ఈ పాఠానికి గుండెకాయ ఈ మెట్టే. రెండు పీరియడ్లు పట్టినా పట్టనివ్వండి.

చిక్‌పేటలో గానీ, మీ వీధి చివర టైలరింగ్ సామాన్ల కొట్లో గానీ జాకెట్లకు కుట్టే టిచ్ బటన్ల అట్ట ఒకటి, ఎర్ర ఊలు ఉండ ఒకటి, నీలం ఊలు ఉండ ఒకటి కొనండి. ఒక్కో జట్టుకు కావాల్సినవి ఇవి: ఎర్ర ఊలు జానెడు పొడవు ముక్కలు రెండు, అందులో సగం పొడవు ముక్కలు రెండు. నీలం ఊలు కూడా అచ్చం అలాగే. మొత్తం ఎనిమిది ముక్కలు. టిచ్ బటన్‌కు రెండు చెక్కలుంటాయి కదా, ఒకే రంగు, ఒకే పొడవు ఉన్న రెండు ముక్కల్లో ఒకదాని నడుమ ఒక చెక్క, రెండోదాని నడుమ రెండో చెక్క కుట్టించండి. నొక్కితే రెండు దారాలూ ఎక్స్ ఆకారంలో అతుక్కుంటాయి. లాగితే టిక్కున విడిపోతాయి. ఆ బటన్ సెంట్రోమియర్, ఆ రెండు దారాలు సోదర క్రొమాటిడ్లు. ఎరుపు అమ్మ నుంచి వచ్చింది, నీలం నాన్న నుంచి వచ్చింది.

లెక్క నియమం ఒక్కటే, బోర్డు మీద పెద్దగా రాయండి: నొక్కి ఉన్న బటన్ ఒకటిగా లెక్క, విడిపోయిన చెక్క దేనికది ఒకటిగా లెక్క.

నేల మీద సుద్దతో పెద్ద గుండ్రం గీయించండి. అదే కణం. అందులో మొదట నాలుగు దారాలే పెట్టించండి: పొడుగు ఎరుపు, పొడుగు నీలం, పొట్టి ఎరుపు, పొట్టి నీలం. లెక్క నాలుగు. ఇప్పుడు డీఎన్‌ఏ నకలు తయారయ్యే సమయం వచ్చిందని చెప్పి, మిగతా నాలుగు దారాలూ తెచ్చి వాటి జోడీలకు నొక్కమనండి. లెక్క ఎంత? తొందరపడేవాళ్లు ఎనిమిది అంటారు. బటన్లు చూసి చెప్పమనండి. నాలుగే. డీఎన్‌ఏ రెట్టింపైంది, క్రోమోజోముల సంఖ్య మారలేదు. ఈ ఒక్క ముడి విప్పడానికే ఈ బటన్లన్నీ.

తర్వాత నాలుగింటినీ గుండ్రం నడుమ వరసగా నిలబెట్టించండి. ఇది మెటాఫేజ్. ఇద్దరు పిల్లలు అటొకరు ఇటొకరు కూర్చుని ఒక్కో దారాన్నీ తమవైపు లాగాలి. టిక్, టిక్, టిక్, టిక్. ఇది అనాఫేజ్. ఇప్పుడు గుండ్రంలో ఎన్ని? ఎనిమిది. ఒకే కణంలో, కాసేపు మాత్రం. మొదట అడిగిన ఉల్లి ప్రశ్నకు జవాబు ఇక్కడ దానంతటదే వచ్చేస్తుంది: 16 ఉన్న కణంలో అనాఫేజ్‌లో 32. నడుమ గీత గీస్తే రెండు కణాలు, ఒక్కోదాంట్లో నాలుగు. రంగులు కూడా మొదటి కణంలో ఉన్నట్టే ఉన్నాయో లేదో సరిచూడమనండి.

మళ్లీ మొదటికొచ్చి, ఇప్పుడు మియాసిస్, అంటే బీజకణాలు తయారయ్యే విభజన. నకళ్లు నొక్కేదాకా అంతా పాతదే. ఆ తర్వాత పొడుగు ఎరుపు వెళ్లి పొడుగు నీలం పక్కన పడుకోవాలి, పొట్టి ఎరుపు పొట్టి నీలం పక్కన. కత్తెర తీసుకుని పొడుగు జతలో ఒక ఎర్ర దారం కొస, ఒక నీలం దారం కొస కత్తిరించి తారుమారు చేసి ముడేయించండి. క్రాసింగ్ ఓవర్ అంటే ఇదే, మాటలతో చెబితే మూడు రోజులు పట్టేది. ఇప్పుడు జతలు జతలుగానే నడుమ నిలబడతాయి. ఈసారి లాగేటప్పుడు బటన్ ఊడకూడదు. ప్రతి జతలోనూ నొక్కి ఉన్న ఎరుపు ఒకవైపు, నొక్కి ఉన్న నీలం రెండోవైపు; ఏది ఎటన్నది పిల్లల ఇష్టం. లెక్క? ఒక్కో కణంలో రెండు. సగం అయిపోయింది. సగమయ్యేది మొదటి విభజనలోనే. రెండో విభజనలో సగమవుతుందని రాసే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు, వాళ్లను ఇక్కడే పట్టుకోండి. రెండో విభజనలో బటన్లు టిక్కుమంటాయి, నాలుగు కణాలొస్తాయి, ఒక్కోదాంట్లో రెండే.

"సగం పోతే మిగతా సగం ఎక్కడికి పోయింది మ్యామ్?" అని ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. నేల మీద చూపించండి, పక్క గుండ్రంలో ఉంది. వీర్యకణాల విషయంలో ఆ నాలుగూ పనికొస్తాయి. అండం విషయంలో ఒక్కటే ఆహారమంతా దాచుకుని పెద్దదవుతుంది, మిగతావి ధ్రువ దేహాలుగా మిగిలి నశిస్తాయి.

ఇప్పుడు జట్లన్నీ తమ కణాలను పోల్చుకోనివ్వండి. ఒక జట్టులో రెండు ఎరుపులూ ఒకవైపు పోయి ఉంటాయి, ఇంకో జట్టులో ఒక ఎరుపు, ఒక నీలం. రెండు జతలకే నాలుగు రకాల కూర్పులు. మనిషికి 23 జతలు. 23 రెండ్లను ఒకదానితో ఒకటి గుణిస్తే 83,88,608. మన పెద్దవాళ్లు చెప్పే 84 లక్షల జీవరాసుల లెక్కకు ఇది దగ్గరగా ఉండటం ఉత్త కాకతాళీయమే కానీ, ఒక్కసారి నవ్వుతూ చెప్పారంటే ఆ అంకెను జన్మలో మరిచిపోరు. క్రాసింగ్ ఓవర్ కలపకుండానే ఒక మనిషి నుంచి ఇన్ని రకాల బీజకణాలు రావచ్చు.

చివరగా ఒక జట్టు బీజకణాన్నీ ఇంకో జట్టు బీజకణాన్నీ ఒకే గుండ్రంలో పెట్టించండి. రెండూ రెండూ నాలుగు. మొదటి రోజు 92 ప్రశ్నకు జవాబు దొరికింది.

దశల పేర్లు ఇప్పుడు చెప్పండి. పావుగంటలో అయిపోతుంది.

ఉల్లి వేరు స్లైడు

బటన్లు చూశాక అసలుది చూపించాలి. రెడీమేడ్ స్లైడ్లు ఉంటే ఉండనీయండి, తమ చేత్తో చేసుకున్న స్లైడులో ఒక్క అనాఫేజ్ కనిపించినా పిల్లలకు పండగే.

ఉల్లిగడ్డ ఎంచుకోవడం దగ్గరే సగం మంది దెబ్బతింటారు. పొలం నుంచి కొత్తగా వచ్చిన ఉల్లి కొన్నాళ్లు నిద్రావస్థలో ఉంటుంది, నీళ్లలో పెట్టినా వేరు వేయదు. మెడ దగ్గర ఆకుపచ్చ మొలక తొంగిచూస్తున్న పాతగడ్డ తీసుకోండి. చిన్న సాంబారు ఉల్లి అయితే ఇంకా నయం, ఇంకు సీసా మూతి మీద కూడా నిలబడుతుంది. దానికీ 16 క్రోమోజోములే. అడుగున ఎండిపోయిన పాత వేళ్లను బ్లేడుతో గీకేయండి, కింది చక్రం మాత్రం తెగకూడదు. అడుగు మాత్రమే నీళ్లకు తగిలేలా పెట్టి, రోజూ నీళ్లు మార్చండి. నాలుగైదు రోజుల్లో రెండు మూడు సెంటీమీటర్ల తెల్లటి వేళ్లు వస్తాయి.

ఉదయం పూట వేళ్లు కత్తిరించండి. కత్తిరించిన వెంటనే మూడు పాళ్లు ఆల్కహాల్, ఒక పాలు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో వేయాలి. ఆ ద్రావణం అప్పటికప్పుడు కలుపుకోవాలి, కలపడం మీ పనే, పిల్లల చేతికి ఇవ్వకండి. గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం చర్మం మీద పడితే కాలుతుంది, ఆవిరి కళ్లను మండిస్తుంది. 24 గంటలయ్యాక వేళ్లను 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి ఫ్రిజ్‌లో పెడితే మిగతా సెక్షన్లకు కూడా అవే వాడుకోవచ్చు.

క్లాసు రోజున ఒక వేరును నీళ్లలో కడిగి స్లైడ్ మీద పెట్టించండి. ఎన్/10 హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క, అసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు రెండు మూడు చుక్కలు. స్పిరిట్ ల్యాంప్ మీద స్లైడును అలా అలా తిప్పుతూ వెచ్చజేయాలి, మరగకూడదు, రంగు ఎండకూడదు. ఐదు నుంచి పది నిమిషాలు ఆగితే వేరు కొస మిగతా భాగం కంటే ముదురు ఎరుపెక్కుతుంది. ఆ కొస రెండు మూడు మిల్లీమీటర్లు ఉంచుకుని మిగతాది పారేయమనండి. ఇక్కడ పిల్లలు కొసను పారేసి తోకను ఉంచుకోవడం మామూలే, ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్లి చూడండి. మిగిలిన రంగును బ్లాటింగ్ పేపరుతో అద్ది, ఒక చుక్క నీరు వేసి, బుడగ రాకుండా కవర్‌స్లిప్ దించాలి. బ్లాటింగ్ పేపరు మడతలో స్లైడ్ పెట్టి, కవర్‌స్లిప్ కదలకుండా వేళ్లతో పట్టి, పెన్సిల్ వెనక కొసతో మెల్లగా తట్టాలి. కవర్‌స్లిప్ పక్కకు జరిగిందంటే క్రోమోజోములు చుట్టలు చుట్టుకుపోతాయి.

ముందు 10ఎక్స్‌లో వెతకాలి. పొడుగాటి కణాలు కనిపిస్తుంటే కొస పోయిందని అర్థం, ఇంకో వేరు తీసుకోండి. చదరంగా, చిన్నగా, నిండా కేంద్రకంతో ఉన్న కణాల గుంపు దొరికితే అప్పుడు 40ఎక్స్. కణాలు ఒకదాని మీద ఒకటి దొంతరగా ఉంటే వేరు సరిగా మెత్తబడలేదు, ఆమ్లంలో ఇంకాస్త సేపు వెచ్చజేయాలి. నల్లటి రేణువులు కనిపిస్తే రంగు మరిగిపోయింది. ఫోను కెమెరాను ఐపీస్‌కు ఆనించి స్మార్ట్ బోర్డు మీద వేస్తే క్లాసంతా ఒకేసారి చూస్తుంది. కాగితంతో మడిచే ఫోల్డ్‌స్కోప్ చవక, మంచి వస్తువు. కానీ దాని మామూలు లెన్సు 140 రెట్లే పెద్దది చేస్తుంది. కణాలు, కేంద్రకాలు చూడొచ్చు, క్రోమోజోముల కోసం దాని మీద ఆశ పెట్టుకోకండి.

ల్యాంప్ వెలిగించే ముందు ఆల్కహాల్ సీసాలు అవతలి బల్ల మీదికి పోవాలి. జడలు ముడి, చున్నీలు నడుముకు, కళ్లద్దాలు తప్పనిసరి.

ఇప్పుడు మళ్లీ లెక్క. ఒక్కో జట్టు 100 కణాలు లెక్కపెట్టి, అందులో విభజనలో ఉన్నవి ఎన్నో రాయాలి. చాలా తక్కువ వస్తాయి, పిల్లలు నిరాశపడతారు. అక్కడే పాఠం ఉంది. మన శరీర కణాన్ని ప్రయోగశాలలో పెంచితే ఒక చక్రం పూర్తవడానికి దాదాపు 24 గంటలు పడుతుంది, అందులో అసలు విభజన గంట సేపే. మిగతా 23 గంటలూ ఇంటర్‌ఫేజ్, అంటే రెండు విభజనల నడుమ కాలం. బొమ్మల్లో నాలుగు దశలకు నాలుగు గళ్లు, ఇంటర్‌ఫేజ్‌కు ఒక గడి ఉండటంతో అది విశ్రాంతి సమయమేమో అనిపిస్తుంది. కణం పెరిగేదీ, డీఎన్‌ఏ నకలు తీసేదీ అప్పుడే.

ఇంకొకటి. పుస్తకాల్లో చాలా బొమ్మలు జంతుకణానివి, రెండు మూలలా సెంట్రియోల్స్ అనే చిన్న కణాంగాలు ఉంటాయి. ఉల్లి కణంలో అవి ఉండవు. చివర్లో నడుము సన్నబడి తెగడం కూడా ఉండదు, నడుమ నుంచి గోడ కట్టుకుంటూ బయటికి పోతుంది. చూసింది చూసినట్టు గీయమనండి, పుస్తకంలోది చూసి గీసిన రికార్డుకు మార్కులు తగ్గిస్తానని ముందే చెప్పండి.

పువ్వు, అన్నం, ఎళనీరు, అరటి

పువ్వు భాగాలకు అందరూ మందారమే తెస్తారు. కేసరాలన్నీ గొట్టంలా అతుక్కుని ఉండే ఆ పువ్వుతో మొదలుపెడితే పిల్లలకు కీలం ఏదో, కేసరం ఏదో తికమక. గుల్‌మొహర్ పూసే రోజుల్లో రోడ్డు పక్క రాలిన పూలు ఏరుకొస్తే భాగాలు విడివిడిగా కనిపిస్తాయి. మందారాన్ని అండాశయం నిలువుగా కోసి లోపలి తెల్లటి అండాలు చూపించడానికి దాచుకోండి. లాల్‌బాగ్‌కు తీసుకెళితే మాత్రం కోయడం ఉండదు, చూసి గీయడమే.

పరాగనాళం, అంటే పుప్పొడి రేణువు నుంచి పెరిగే గొట్టం, చూపించడం ఎంత తేలికో చాలామందికి తెలీదు. 10 శాతం చక్కెర నీళ్లు, అంటే 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములు, ఒక చుక్క స్లైడ్ మీద వేసి బిళ్ల గన్నేరు పుప్పొడి రాల్చండి. అప్పుడే విచ్చిన పువ్వై ఉండాలి. పావుగంట, అరగంటలో నాళాలు పొడుచుకొస్తాయి.

ఆ నాళంలో రెండు పురుష బీజకణాలు దిగుతాయి. ఒకటి స్త్రీ బీజకణంతో కలుస్తుంది, రెండోది రెండు ధ్రువ కేంద్రకాలతో కలుస్తుంది. నవాషిన్ 1898లో కనిపెట్టిన ఈ ద్విఫలదీకరణను పిల్లలు గుడ్డిగా బట్టీ పడతారు. మీరు వరితో లెక్క చేయించండి. బీజకణంలో 12. పిండానికి 12, 12 కలిపి 24. రెండో కలయికకు 12, 12, 12 కలిపి 36. ఆ 36 ఉన్న భాగమే అంకురచ్ఛదం, మొలకకు ఆహారం దాచిపెట్టేది. తవుడు, మొలక పోయేలా పట్టించిన బియ్యంలో మిగిలేది దాదాపుగా అదే. మధ్యాహ్నం డబ్బాలో ఉన్న అన్నం మెతుకు మూడు వరసల క్రోమోజోములున్న కణజాలమని తెలిసినప్పుడు లంచ్ బెల్ కొట్టినా కదలరు.

బడి గేటు ముందు ఎళనీరు (కొబ్బరి బోండాల) బండి ఉంటే అది కూడా మీ ల్యాబే. బోండంలో నీరు కూడా అంకురచ్ఛదమే. అక్కడ కేంద్రకాలు మళ్లీ మళ్లీ విభజన చెందుతాయి, కానీ మధ్యలో గోడలు కట్టవు, అందుకే నీరుగా ఉంటుంది. గోడలు కట్టిన భాగం లేత కొబ్బరి. కేంద్రక విభజన, కణద్రవ్య విభజన రెండూ వేర్వేరు పనులని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అరటిపండు తెచ్చేటప్పుడు జాగ్రత్త. కొట్లో పక్కపక్కనే వేలాడే ఏలక్కి, పచ్చబాళె రెండింట్లో పచ్చబాళె తీసుకోండి. అది కావెండిష్ జాతి, దానికి 33 క్రోమోజోములు, ప్రతి రకమూ మూడేసి. మియాసిస్‌లో జతలు కట్టాలంటే ఒకటి ఎప్పుడూ మిగిలిపోతుంది, బీజకణాలు సరిగా ఏర్పడవు, గింజ రాదు. అందుకే రైతు పిలకలు నాటుతాడు. ఊలు దారాలతో మూడేసి పెట్టి జత కట్టమంటే పిల్లలే ఈ మాట చెప్పేస్తారు. ఏలక్కికి 22 మాత్రమే, దానికి గింజ లేకపోవడానికి కారణాలు వేరు, అది చూపించి ఇది చెబితే తప్పు.

మనిషి పాఠం

దీన్ని "ఇంట్లో చదువుకోండి" అని వదిలేసే బడులున్నాయి. వదలకండి. అబ్బాయిలను బయటికి పంపి అమ్మాయిలకు చెప్పడం, అమ్మాయిలను పంపి అబ్బాయిలకు చెప్పడం కూడా వద్దు. ఇద్దరికీ రెండు శరీరాల గురించీ తెలియాలి.

పాఠానికి ముందు వచ్చే పేరెంట్స్ మీటింగులో ఫలానా వారం ఇది చెప్పబోతున్నామని, ఏమేం ఉంటాయో రెండు ముక్కల్లో చెప్పేయండి. తర్వాత వచ్చే ఫోన్లు చాలామటుకు తగ్గుతాయి. క్లాసులో చెప్పుల డబ్బా ఒకటి పెట్టి, పేరు రాయకుండా చీటీలు వేయమనండి. అందరూ చీటీ వేయాలి, ప్రశ్న లేనివాళ్లు ఖాళీ చీటీ వేయాలి. అప్పుడు ఎవరు రాశారో తెలీదు. చీటీలు ఇంటికి తీసుకెళ్లి చదివి మర్నాడు జవాబివ్వండి. ఎవరో తమను ఇబ్బంది పెడుతున్నట్టు ఏ చీటీలోనైనా కనిపిస్తే దాన్ని క్లాసులో చదవకూడదు, ఎవరు రాశారని ఆరా తీయకూడదు, అదేరోజు కౌన్సెలర్‌కూ ప్రిన్సిపాల్‌కూ చెప్పాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 బోర్డు మూలన రాసి ఉంచండి. లైంగిక వేధింపు గురించి తెలిసి చెప్పకపోవడం పోక్సో చట్టం కింద నేరం, అది టీచర్లకూ వర్తిస్తుంది.

అవయవాల పేర్లు మామూలు గొంతుతో, ముక్కు, చెవి అన్నట్టే చెప్పండి. మీరు తడబడితేనే వాళ్లు నవ్వుతారు. నెలసరి గురించి ఇంట్లో "చెడు రక్తం" అని విని వస్తారు. గర్భాశయం లోపలి పొర పిండం కోసం మందంగా తయారై, పిండం లేకపోతే ఊడి రక్తంతో పాటు బయటికి వస్తుందని, అందులో చెడు ఏమీ లేదని చెప్పండి. 28 రోజులన్నది సగటు, పెద్దవాళ్లలో 21 నుంచి 35 వరకూ మామూలే, మొదటి ఒకట్రెండేళ్లు ఇంకా అటూ ఇటూ అవుతుంది. ఓణీల ఫంక్షన్‌కు ఊరెళ్లి వారం బడి మానేసే పిల్లలు ఆరు, ఏడు తరగతుల్లోనే ఉంటారు కాబట్టి ఈ ఒక్క ముక్క అప్పుడే చెప్పాలి, పదో తరగతి దాకా ఆగితే ఆలస్యమైనట్టే.

ఇక్కడ కూడా లెక్క వదలకండి. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాల్లో మియాసిస్ మొదలై మొదటి ప్రోఫేజ్‌లో ఆగిపోతుంది. ఏళ్ల తర్వాత అండం విడుదలయ్యే వేళకు మొదటి విభజన పూర్తవుతుంది, రెండోది వీర్యకణం చేరాకే ముగుస్తుంది. అంటే క్లాసులో ప్రతి ఒక్కరూ ఏ అండం నుంచి పుట్టారో అది వాళ్ల అమ్మమ్మ కడుపులో అమ్మ ఉన్నప్పుడే మొదలైంది. క్రోమోజోములు సరిగా విడిపోకపోతే ఏమవుతుందో కూడా చెప్పొచ్చు: 21వ క్రోమోజోము మూడు ఉంటే మొత్తం 47, అది డౌన్ సిండ్రోమ్, లెజూన్ బృందం 1959లో తేల్చింది. క్లాసులోనో, ఎవరింట్లోనో అలాంటి బిడ్డ ఉండొచ్చు, మాట జాగ్రత్త.

ఆడా మగా నిర్ణయానికి ఒక రూపాయి బిళ్ల చాలు. తల్లి అండంలో ఉండేది ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే. తండ్రి వీర్యకణంలో ఎక్స్ గానీ వై గానీ. ఒక్కో పిల్లవాడితో 20 సార్లు బిళ్ల ఎగరేయించి క్లాసు మొత్తం కలిపి చూడండి, సగం సగానికి దగ్గరగా వస్తుంది. వరసగా నాలుగు బొమ్మలు పడ్డవాళ్లను లేపి, ఐదోసారి బొరుసు పడే అవకాశం పెరిగిందా అని అడగండి. పెరగదు. ఆడపిల్ల పుట్టిందని కోడల్ని సాధించే ఇళ్లు ఈ నగరంలోనూ ఉన్నాయి, ఆ ఇళ్ల పిల్లలు మీ ముందే కూర్చున్నారు. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడం, చెప్పించుకోవడం 1994 చట్టం ప్రకారం నేరమని కూడా ఈ పీరియడ్‌లోనే చెప్పేయండి.

ప్రశ్నపత్రం

"మైటాసిస్ దశలు వివరించుము" అని అడిగితే బట్టీ జవాబే వస్తుంది. ఆ ప్రశ్న మీ యూనిట్ టెస్టులో వద్దు. మొక్కజొన్న వేరు కణం, పుప్పొడి రేణువు, అంకురచ్ఛదం, మెటాఫేజ్‌లో ఉన్న ఆకు కణం, అనాఫేజ్‌లో ఉన్న వేరు కణం, ఒక్కోదాంట్లో ఎన్ని క్రోమోజోములు అని అడగండి. జవాబులు 20, 10, 30, 20, 40. మొదటి మూడూ సరిగా రాసి చివరిది 20 అని రాసినవాళ్లకు బటన్ నియమం ఇంకోసారి చెప్పాలి. మెటాఫేజ్‌కు 40 రాసినవాళ్లు క్రొమాటిడ్లను లెక్కపెడుతున్నారు. పుప్పొడికి 20 రాసినవాళ్లను మళ్లీ నేల మీద గుండ్రం దగ్గర కూర్చోబెట్టండి. ఇంకో ప్రశ్న, నాలుగు క్రోమోజోములున్న కణం బొమ్మలు రెండు ఇచ్చి, ఒకదాంట్లో నాలుగూ ఒకే వరసలో, ఇంకోదాంట్లో జతలుగా నిలబడి ఉన్నట్టు గీసి, ఏది మైటాసిస్, ఏది మియాసిస్, ఎలా తెలిసింది అని అడగండి. "ఎలా తెలిసింది" అన్నదానికే ఎక్కువ మార్కులు పెట్టండి. భాష తెలుగూ కన్నడం ఇంగ్లీషూ కలిసిపోయినా మార్కులు కోయకండి.